పేరు నమోదు కాకపోతే ప్రింటరైనా పలకదు



బడికి వచ్చే పిల్లవాడి పేరు రిజిస్టరులో ఎక్కకపోతే ఏమవుతుంది? వాడు రోజూ వచ్చి బెంచీ మీద కూర్చున్నా హాజరులో పేరు పిలవరు. పెద్ద కంప్యూటర్ల దగ్గర కూడా ఇదే నియమం. ప్రింటరుకు తీగ తగిలిస్తే చాలదు. అది ఏ పరికరమో, ఎక్కడుందో ముందే రాసి చెప్పాలి. ఆ పనినే కాన్ఫిగరేషన్ అంటారు.

మెయిన్‌ఫ్రేమ్ అంటే?

బ్యాంకులు, బీమా సంస్థల వంటి చోట్ల ఒకేసారి ఎంతోమంది లెక్కలు చూసే పెద్ద కంప్యూటరే మెయిన్‌ఫ్రేమ్. ఐబీఎం సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 ఈ వరుసలో పేరున్నది. మనకు దగ్గర్లోనే, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1970లో కంప్యూటర్ సెంటర్ మొదలైంది. అక్కడ ఈ 360 కుటుంబానికి చెందిన మోడల్ 44 పనిచేసింది.

పరికరానికీ చిరునామా ఉంటుంది

మన ఊరికి ఉత్తరం ఎలా వస్తుంది? చిక్కబళ్లాపురం జిల్లా, బాగేపల్లి తాలూకా, గూళూరు, ఆ తర్వాత ఇల్లు. మెయిన్‌ఫ్రేమ్‌లోనూ అంతే: ప్రాసెసరు, చానెల్, కంట్రోల్ యూనిట్, చివరికి పరికరం. 360 యంత్రాల్లో ఈ చిరునామా మూడు అంకెల్లో ఉండేది. మొదటిది చానెల్‌ది, మిగతా రెండూ పరికరానివి. కార్డులు చదివే యంత్రానికి 00సి, ప్రింటరుకు 00ఇ ఇవ్వడం వాడుక. అంకెల్లో అక్షరాలేమిటి అనుకోకండి. అక్కడ లెక్క పదహారులో సాగుతుంది కాబట్టి తొమ్మిది తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా వాడతారు.

ఇప్పటి మెయిన్‌ఫ్రేమ్‌లలో పరికరం నంబరుకు నాలుగు స్థానాలు. అంటే 0000 మొదలుకొని 65,536 నంబర్లు! ఒక్కో పరికరానికి ఎనిమిది దారుల వరకు రాయవచ్చు. ఒక దారి తెగితే పని ఇంకో దారిలో నడుస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఈ వివరాలు రెండు చోట్ల చెప్పాలి: ఒకటి యంత్రానికి, రెండోది దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు. రెండూ కలవకపోతే పరికరం ఎదురుగా ఉన్నా పని జరగదు.

అక్షరాలు కూడా చెప్పాలి

ఆ కాలంలో బాగా పేరున్న 1403 ప్రింటరులో అక్షరాలు ఒక లోహపు గొలుసు మీద ఉండి గిర్రున తిరిగేవి. కావలసిన అక్షరం ఎదురుకాగానే చిన్న సుత్తి కొట్టేది. గొలుసు మార్చుకునే సౌకర్యం ఉన్న ప్రింటర్లలో, ఏ చోట ఏ అక్షరం ఉందో కంప్యూటరుకు పట్టిక ఇవ్వాలి. గొలుసు మార్చి పట్టిక మార్చకపోతే ఒకటి రాయమంటే ఇంకొకటి అచ్చయ్యేది!

మామూలు గొలుసులో 48 గుర్తులే ఉండేవి: 26 ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, 10 అంకెలు, 12 ఇతర గుర్తులు. మన వర్ణమాలే యాభై దాటుతుంది. ఇక గుణింతాలు, ఒత్తులు ఎక్కడ పడతాయి? అందుకే అలాంటి ప్రింటరులో మన ఊరి పేరు కూడా జీ, యూ, ఎల్, యూ, ఆర్ అనే రావాలి. అందులో దీర్ఘం పోయింది, 'ళ' కాస్తా 'ల' అయింది. తెలియనివాళ్లు 'గులూరు' అని చదివితే తప్పు వాళ్లది కాదు కదా!

1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ, అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తెలుగు అక్షరాలకూ నంబర్లు ఇచ్చాయి. ఇప్పుడు 'గూళూరు' అని తప్పు లేకుండా రాయవచ్చు. అయినా ఫోనులో తెలుగు కీబోర్డును మనమే ఎంచుకోవాలి. చెప్పనిదే యంత్రానికి తెలియదు. ఆనాటికీ ఈనాటికీ మారని సంగతి ఇదే.

మీరు చేయవలసినవి

పిల్లలూ, ఇంట్లో పెద్దల అనుమతితో ఫోను సెట్టింగుల్లో భాషల భాగం తెరిచి తెలుగు కీబోర్డు చేర్చండి. మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు రాయండి. తర్వాత అవే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఏ దీర్ఘం, ఏ ఒత్తు పోయిందో నోటుబుక్కులో గుర్తించండి.

తల్లిదండ్రులు దరఖాస్తులు నింపేటప్పుడు పిల్లల పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో చూసుకోండి. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే కంప్యూటరు ఇద్దరు పిల్లలు అనుకోవచ్చు. తర్వాత దిద్దించడానికి తిరగడం కన్నా ముందే సరిచూసుకోవడం మేలు.