మోటారు సైకిలు సీటు

నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, ముద్‌ఖేడ్ - ఆదిలాబాద్ రైలుమార్గం మీద ఉంది. రైలు పోని చుట్టుపక్కల పల్లెలకు మోటారు సైకిలు ఎంతో అవసరం. పత్తి చేలకు వెళ్ళే రైతులు, ఊరూరా తిరిగే చిరువ్యాపారులు చాలాసేపు దాని మీదే గడుపుతారు. వారి బండ్లను గమనించండి. కొందరు సీటు మీద తువ్వాలు మడిచి వేసుకుంటారు. కొందరు ఇంటి దగ్గరే సీటు విప్పి, తమ ఒంటికి తగినట్లు మార్చుకుంటారు. ఈ పని ఎలా చేస్తారో తెలుసుకుందాం.

సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖమని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. గట్టి బల్ల మీద కూర్చొని, అరచేతులు మీ కింద పెట్టి చూడండి. రెండు ఎముకలు చేతులకు ఒత్తుకుంటాయి. మన బరువులో ఎక్కువ భాగం మోసేవి అవే. మరీ మెత్తని ఫోమ్ ఆ బరువుకు పూర్తిగా అణగిపోతుంది. అప్పుడు ఎముకలకు అడుగునున్న రేకే తగులుతుంది. అందుకే అడుగున గట్టి ఫోమ్, పైన పలుచగా మెత్తని ఫోమ్ వేస్తారు. ఈ ఫోమ్ పాలియురేతేన్‌తో తయారవుతుంది. పాలియురేతేన్‌ను ఒట్టో బాయర్, ఆయన సహచరులు 1937లో జర్మనీలో కనిపెట్టారు.

ఫోమ్ చేర్చేటప్పుడు ఎత్తును మరచిపోకూడదు. అంగుళం మందం చేరిస్తే సీటు కూడా దాదాపు అంగుళం లేస్తుంది. పొట్టివారికి మడమలు నేలకు ఆనవు. వానాకాలంలో నల్లరేగడి బురదలో బండి ఆపవలసి వస్తే, కాలివేళ్ళ కొసలతో దానిని నిలపడం కష్టం. దీనికి ఒక ఉపాయం ఉంది. సీటు ముందుభాగంలో రెండు పక్కలా ఫోమ్‌ను కొద్దిగా చెక్కి సన్నం చేస్తే, కాళ్ళు దూరంగా చాచుకోకుండా తిన్నగా కిందికి దిగుతాయి. చెక్కడానికి హ్యాక్సా బ్లేడు, నునుపు చేయడానికి గరుకు కాగితం చాలు. బ్లేడు మాత్రం పెద్దలే పట్టుకోవాలి. ఫోమ్ అతికించే జిగురు మంటకు త్వరగా అంటుకుంటుంది. కాబట్టి ఆ పనిని పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయాలి.

పాత కవరును పారవేయకూడదు. కుట్లు విప్పితే దాని ముక్కలే కొత్త రెక్సిన్‌కు కొలతలవుతాయి. సీటు ఆకారం మారిన చోట మాత్రం ఆ మేరకు కొలత సరిచూసుకోవాలి. కుట్టుకు అంచులు వదలి కత్తిరించి, మందపాటి దారంతో మిషను మీద కుట్టాలి. సూది రంధ్రాలలో నుండి వాన నీరు దిగుతుంది. ఫోమ్ ఒకసారి తడిస్తే త్వరగా ఆరదు. అందుచేత కవరు కింద పలుచని ప్లాస్టిక్ కాగితం పరుస్తారు.

రెక్సిన్‌ను కాసేపు ఎండలో ఉంచితే బాగా సాగుతుంది. అప్పుడు ముందు, వెనుక నడిమి భాగాలను మొదట బిగించి, తరువాత ఎదురెదురుగా లాగుతూ పక్కలు బిగించాలి. ఒకే పక్క నుండి లాగుతూ పోతే ముడతలు పడతాయి. అడుగున రేకు ఉంటే దాని పళ్ళకు కవరు తగిలిస్తారు. ప్లాస్టిక్ అయితే పొట్టి పిన్నులు కొడతారు. పొడవైనవి ఫోమ్‌లోకి చొచ్చుకుపోతాయి.

సీటు బిగించాక రెండు చేతులతో లాగి, ఊపి చూడాలి. వెనుక కూర్చునేవారు గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోవాలని, వారు ఒక్కరికి మించి ఉండరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతుంది. సీటు ఏమాత్రం కదిలినా బోల్టులు మళ్ళీ బిగించిన తరువాతే బండి ఎక్కాలి.