ట్రిస్టెజా వైరస్‌ను నిమ్మ ఎదుర్కొనే తీరు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, పొదలకూరు, రాపూరు, వెంకటగిరి ప్రాంతాల రైతులకు నిమ్మ ప్రధాన వాణిజ్య పంట. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుండి కాయలు ఇతర రాష్ట్రాలకు తరలుతాయి. పెట్లూరులో నిమ్మజాతి పంటలకు ప్రత్యేకంగా పరిశోధన కేంద్రం ఉన్నది. నాటిన తరువాత మంచి కాపు కోసం రైతు నాలుగైదు సంవత్సరాలు వేచి ఉండవలసి వస్తుంది. కావున నాటే రోజున జరిగిన పొరపాటు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. గజ్జి తెగులును రాగి సంబంధిత మందులతో కొంతవరకు అదుపులో ఉంచవచ్చు. ట్రిస్టెజా వైరస్ సోకిన చెట్టును తోటలో నయం చేయగల మందు మాత్రం లేదు. అందువలన మొక్క స్వయంగా ఏ విధంగా పోరాడుతుందో, ఎక్కడ ఓడిపోతుందో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకొనడం అవసరం.

వ్యాధి స్వభావం

ట్రిస్టెజా అనగా పోర్చుగీసు భాషలో విషాదం. 1930, 1940 దశకాలలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో పుల్ల నారింజ వేరుమూలంపై పెంచిన లక్షలాది బత్తాయి జాతి చెట్లు ఈ వ్యాధితో నశించాయి. వైరస్ కణం సన్నని దారం వలె సుమారు 2,000 నానోమీటర్ల పొడవు ఉంటుంది. దీని ఆర్‌ఎన్‌ఏలో 19,000కు పైగా న్యూక్లియోటైడ్‌లు ఉంటాయి. ఇది ఆహారాన్ని రవాణా చేసే ఫ్లోయమ్ కణజాలానికే పరిమితమై జీవిస్తుంది. లేత చిగుళ్ళను ఆశించే పేనుబంక, వ్యాధి సోకిన అంటు కొమ్మలు దీనిని వ్యాప్తి చేస్తాయి.

నిమ్మలో లేత ఆకుల ఈనెలు అక్కడక్కడ వెలుతురు చొరబడునట్లు పాలిపోతాయి. ఆకులు దొప్పల వలె ముడుచుకొంటాయి. బెరడు తొలగించి చూచిన కాండంపై గుంటలు, గాళ్ళు కనిపిస్తాయి. చెట్టు గిడసబారి దిగుబడి తగ్గుతుంది. ఈ లక్షణాలు స్పష్టంగా బయటపడటం వలననే ప్రపంచమంతటా పరిశోధకులు ట్రిస్టెజాను గుర్తించుటకు నిమ్మను సూచిక మొక్కగా వాడుతున్నారు. మన రైతుకు జీవనాధారమైన పంటయే ఈ వైరస్‌కు మిక్కిలి సులువుగా లొంగే మొక్కలలో ఒకటి.

మొక్కలోని రక్షణ

మొక్కలకు జంతువుల వలె ప్రతిరక్షకాలు లేవు. అయినను వైరస్‌ను గుర్తుపట్టే వ్యవస్థ వాటికి ఉన్నది. 1928లో వింగార్డ్ అనే శాస్త్రజ్ఞుడు, వైరస్ సోకిన పొగాకు మొక్కల క్రింది ఆకులపై మచ్చలు ఉండగా తరువాత వచ్చిన పై ఆకులు ఆరోగ్యంగా ఉండుటను వివరించాడు. దీని వెనుకనున్న కారణం 1990 దశకం చివరలో బాల్కోంబ్ బృందం పరిశోధనలతో వెల్లడైంది. దీనినే ఆర్‌ఎన్‌ఏ నిశ్శబ్దీకరణ అంటారు.

వైరస్ వృద్ధి చెందేటప్పుడు కణంలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఏర్పడుతుంది. డైసర్ తరహా ఎంజైములు దీనిని 21 నుండి 24 న్యూక్లియోటైడ్‌ల చిన్న ముక్కలుగా కత్తిరిస్తాయి. ఆర్గోనాట్ ప్రోటీన్ ఒక ముక్కను మచ్చుగా ఉంచుకొని, దానితో సరిపోలిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి ఛేదిస్తుంది. ఈ హెచ్చరిక ఫ్లోయమ్ ద్వారా వైరస్ ఇంకా చేరని భాగాలకు కూడా అందుతుంది.

వైరస్ ప్రతిఘటన

ట్రిస్టెజా వైరస్ ఈ రక్షణను అణచుటకు పి-20, పి-23, తొడుగు ప్రోటీన్ అనే మూడింటిని ఉత్పత్తి చేస్తుంది. వైరస్ లేకుండా పి-23 ఒక్కదానినే ఉత్పత్తి చేయునట్లు మార్చిన నిమ్మ మొక్కలలో సైతం వ్యాధిని పోలిన లక్షణాలు కనిపించాయి. కాబట్టి రైతు చూచే నష్టంలో కొంత భాగం, వైరస్ మొక్క యంత్రాంగాన్ని అడ్డగించిన ఫలితమేనని భావించవచ్చు.

తట్టుకొనుట వేరు, నిరోధించుట వేరు

ట్రైఫోలియేట్ నారింజలో ఈ వైరస్ వృద్ధిని అడ్డుకొనే జన్యువు ఉన్నది. ఇది నిజమైన నిరోధకశక్తి. రంగపూర్ నిమ్మ వేరుమూలంపై అంటు కట్టిన సాత్‌గుడి బత్తాయి పరిస్థితి వేరు. అందులో వైరస్ ఉన్నను చెట్టు పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. ఇది తట్టుకొనే శక్తి మాత్రమే. అటువంటి చెట్టు నుండి పేనుబంక వైరస్‌ను సమీపంలోని నిమ్మతోటకు చేర్చగలదు.

పుల్ల నారింజపై కట్టిన బత్తాయిలో నష్టం అంటు కలిసిన చోట మొదలవుతుంది గనుక వేరుమూలం మార్చి పంటను కాపాడవచ్చు. నిమ్మలో పై భాగమే వ్యాధికి లోనవుతుంది. కావున తట్టుకొనే వేరుమూలంపై కట్టినంత మాత్రాన నిమ్మకు రక్షణ లభించదు. బత్తాయికి ఇచ్చే సలహాను నిమ్మకు యథాతథంగా ఇవ్వరాదు.

సౌమ్య వైరస్‌తో రక్షణ

తక్కువ హాని చేసే వైరస్‌ను ముందుగా ఎక్కించి తీవ్రమైన దానిని అడ్డుకొనుటను పరస్పర రక్షణ అంటారు. 1929లో మెకిన్నీ పొగాకులో దీనిని గమనించాడు. బ్రెజిల్‌లో పేరా రకం బత్తాయిని ఈ పద్ధతితో పెద్ద ఎత్తున కాపాడారు. మనదేశంలోనూ నిమ్మపై ప్రయోగాలు జరిగాయి. అయితే ట్రిస్టెజాలో ఈ అడ్డగింపు ఒకే వంశానికి చెందిన వైరస్‌ల మధ్యనే పనిచేస్తుందని, అందుకు పి-33 అనే వైరస్ ప్రోటీన్ అవసరమని ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. కాబట్టి స్థానికంగా ఉన్న వంశాలను గుర్తించకుండా వేరొక ప్రాంతపు సౌమ్య వైరస్‌ను తెచ్చి వాడుట ప్రమాదకరం.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

ట్రిస్టెజా వైరస్ విత్తనం ద్వారా సంక్రమించదు. నిమ్మ విత్తనంలో తల్లిచెట్టును పోలిన పిండాలు కూడా ఏర్పడతాయి. కావున మేలైన చెట్ల విత్తనంతో, పురుగులు చొరని వలల క్రింద, పెంచిన నారు ఆరోగ్యకరమైన ఆరంభాన్ని ఇస్తుంది. అంటు మొక్కలు నాటదలచినచో ప్రయోగశాల పరీక్షలో వైరస్ లేదని తేలిన తల్లిచెట్ల నుండి మాత్రమే కొమ్మలు సేకరించాలి. పచ్చగా కనిపించుటను ఆరోగ్యానికి రుజువుగా తీసుకోరాదు.

తీవ్రమైన ఎండలలో మొక్కలో వైరస్ పరిమాణం తగ్గుతుంది. నెల్లూరు వేసవిలో తీసిన నమూనాలో వైరస్ కనిపించనంత మాత్రాన చెట్టు వైరస్ లేనిదని నిర్ధారించరాదు. చల్లని మాసాలలో వచ్చే చిగుళ్ళ నుండి నమూనాలు సేకరించుట మేలు. ఈశాన్య రుతుపవనాల వర్షాల తరువాత వచ్చే చిగురుపై పేనుబంకను తప్పక గమనించాలి. లేత తోటలో వ్యాధి నిర్ధారణ అయిన మొక్కలను తొలగించి ఆరోగ్యకరమైన నారు నాటాలి.

నాటిన తరువాత వైరస్‌తో పోరాటం మొక్కదే. ఆ పోరాటంలో నిమ్మ బలహీనమైనది. వైరస్ లేని నారును ఎంచుకొని, వైరస్ చేరికను వీలైనంత కాలం ఆలస్యం చేయుటయే రైతు దానికి చేయగల సహాయం. ఈ విషయాన్ని గుంటలు త్రవ్వక ముందే రైతుకు తెలియజేయుట విస్తరణ సిబ్బంది బాధ్యత.