మీకు తెలుసా? రేడియో వినుటకును లైసెన్సు!

సాయంకాలపు వార్తలకై వీథియంతయు ఒక్క రేడియోచుట్టు మూగుచుండిన ఆ దినములలో, ఆ పెట్టెను ఇంట నుంచుకొనుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలసియుండెనని ఈ తరమువా రెందఱెఱుగుదురు? 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ననుసరించి గృహస్థుడు ఏటేట తపాలా కార్యాలయమునకేగి, రుసుము చెల్లించి, చిన్న పుస్తకమునందు స్టాంపు అంటించి ముద్ర వేయించుకొనవలసి యుండెను. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రసారములారంభించిన పిమ్మటను, ట్రాన్సిస్టరు వచ్చి రేడియో పొలముగట్టున కెక్కిన పిమ్మటను ఈ నిబంధన చిరకాలము వదలలేదు. రేడియోలో భక్తిరంజని కార్యక్రమము వినుటకును పన్నా యని పెద్దలు విసుగుకొనిరేమో గాని, ఆ పుస్తకమును మాత్రము భూమి పట్టాలతోపాటు పదిలముగా దాచుకొనిరి. 1980వ దశకమున గాని ఆ లైసెన్సు పూర్తిగా రద్దు కాలేదు.