చేతికి తగిన బ్యాటు

'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెత మనందరికీ తెలిసిందే. తన చేతకానితనాన్ని వాయిద్యం మీదికి నెట్టేవారిని చూసి పెద్దలు ఈ మాట అంటారు. కాని ఒక్కొక్కప్పుడు తప్పు నిజంగా మద్దెలదే కావచ్చు. క్రికెట్ నేర్చుకొనే పిల్లల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. బంతి రాకను చక్కగా కనిపెట్టిన పిల్లవాడు కూడా బ్యాటును సకాలంలో దించలేక అవుటవుతాడు. చూసేవారు 'వీడికి ఆట రాదు' అంటారు. అతని చేతిలో ఉన్నది పెద్దవాళ్ల బ్యాటు అన్న సంగతి ఎవరూ గమనించరు. నాలుగుసార్లు ఆ మాట విన్న పిల్లవాడు మైదానానికి రావడమే మానేస్తాడు.

'ఎదిగే పిల్లలు కదా, రెండేళ్లు పనికివస్తుంది' అని తల్లిదండ్రులు బట్టలు కొంచెం వదులుగా కుట్టిస్తారు. వదులు చొక్కా అయితే చేతులు మడిచి తొడుక్కోవచ్చు. పెద్ద బ్యాటును మడవడానికి వీలులేదు. అందుకే బ్యాటును రేపటి ఎత్తుకు కాక, ఈనాటి ఎత్తుకు తగినట్లు ఎంచుకోవాలి.

బ్యాటు కొలతలకు నియమాలు ఉన్నాయి. 1771లో ఇంగ్లండులో ఒక ఆటగాడు వికెట్లంత వెడల్పైన బ్యాటుతో ఆటకు దిగాడు. బంతి వికెట్లను తాకే దారే లేకపోయింది! ఆ తరువాత బ్యాటు వెడల్పు 4.25 అంగుళాలు మించరాదని కట్టడి చేశారు. నేటికీ అదే కొలత అమలులో ఉంది. పొడవు 38 అంగుళాలు మించరాదు. 1979లో ఆస్ట్రేలియా ఆటగాడు డెన్నిస్ లిల్లీ పెర్త్ మైదానంలో అల్యూమినియం బ్యాటుతో ఆడి వివాదం రేపాడు. అటు తరువాత బ్యాటు పలకను కొయ్యతోనే చేయాలని నియమం వచ్చింది. అయితే ఈ నియమాలు బ్యాటు ఎంతకు మించరాదో చెబుతాయే గాని, ఎవరికి ఎంత బ్యాటు కావాలో చెప్పవు. అది మనమే తేల్చుకోవాలి.

మొదట చూడవలసింది పొడవు. పిల్లల బ్యాట్లకు సాధారణంగా 1 నుంచి 6 వరకు నంబర్లు ఉంటాయి. ఆ పైన 'హారో' అనే కొలత, దాని తరువాత పెద్దవారి కొలత వస్తాయి. సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తున్నవారికి 3 లేక 4వ నంబరు, ఐదడుగుల వారికి 5 లేక 6వ నంబరు సాధారణంగా సరిపోతాయి. తయారుచేసేవారిని బట్టి కొలతల్లో కొద్దిపాటి తేడాలు ఉండవచ్చు. ఒకే తరగతిలో చదివే ఇద్దరి ఎత్తు ఒకటిగా ఉండదు కనుక వయస్సును బట్టి కాక ఎత్తును బట్టి ఎంచుకోవాలి. బూట్లు తొడుక్కొని, బంతిని ఎదుర్కొనే భంగిమలో నిలబడి, బ్యాటు అడుగుభాగాన్ని పాదం పక్కన ఆనించి చూడండి. నడుము మరీ వంచనవసరం లేకుండా, చేతులు బిగుసుకోకుండా, తల నిలకడగా ఉంటే ఆ పొడవు మీకు సరిపోయినట్లే.

రెండవది బరువు. బరువైన బ్యాటుతో కొడితే బంతి దూరం పోతుందని చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. కదిలే వస్తువు బరువు రెండింతలైతే దాని శక్తి రెండింతలవుతుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. బరువు వల్ల బ్యాటు వేగం తగ్గితే లాభం కన్న నష్టమే ఎక్కువ. పైగా మణికట్టు, మోచేయి, భుజం నొప్పి పెడతాయి. సచిన్ టెండూల్కర్ మూడు పౌండ్లు దాటిన బ్యాటు వాడేవారు. ఏళ్ల తరబడి చేసిన సాధనతో గట్టిపడిన చేతులకు అది చెల్లింది. పదేళ్ల పిల్లలు ఆ బరువును అనుకరించరాదు.

త్రాసు చెప్పే బరువు ఒకటి, చేతికి తెలిసే బరువు మరొకటి. రోకలిని నడిమిన పట్టుకొని ఎత్తితే తేలికగా లేస్తుంది. అదే రోకలిని ఒక కొన పట్టుకొని అడ్డంగా ఎత్తబోతే చేయి వణుకుతుంది. బ్యాటు సంగతీ అంతే. రెండు బ్యాట్లు ఒకే బరువు తూగినా, అడుగున కొయ్య ఎక్కువగా ఉన్నది చేతికి బరువుగా తోస్తుంది. కాబట్టి దుకాణంలో ఒక చిన్న పరీక్ష చేయాలి. పిడిని పైన పట్టుకొనే చేత్తో మాత్రమే పట్టుకొని, బంతిని కొట్టబోయేటట్లు బ్యాటును వెనక్కు ఎత్తి, కొన్ని క్షణాలు నిలపాలి. మణికట్టు వాలిపోయినా, బ్యాటు పక్కకు ఒరిగినా అది మీకు బరువని అర్థం.

మూడవది కొయ్య. మేలైన బ్యాట్లను విల్లో కొయ్యతో చేస్తారు. ఇది తేలికైనది, దెబ్బకు పగిలిపోకుండా కొంత అణగి ఓర్చుకుంటుంది. ఇంగ్లండు విల్లో ఖరీదెక్కువ. కాశ్మీరు విల్లో సాధారణంగా కొంచెం బరువు, ధర తక్కువ. నేర్చుకొనేవారికి అది చాలు. ఖరీదైన పెద్ద బ్యాటు కన్న, చేతికి సరిపోయిన చవక బ్యాటే మేలు. పిడిలో పేము బెత్తాలు ఉండటం వల్ల బంతి తగిలినప్పటి అదురు చేతికి అంతగా తెలియదు.

కొత్త విల్లో బ్యాటును వెంటనే తోలుబంతికి ఎదురు పెట్టరాదు. పలక ముఖానికి, అంచులకు అవిసె గింజల నూనె పలుచగా రాయాలి. పిడి అతికిన చోట నూనె తగలనీయరాదు. తరువాత కొయ్య సుత్తితో మెల్లగా మొదలుపెట్టి, క్రమంగా బలం పెంచుతూ కొన్ని గంటలపాటు తట్టాలి. అప్పుడు పైపొర గట్టిపడి బ్యాటు ఎక్కువకాలం మన్నుతుంది. తడిలోను, ఎండలోను బ్యాటును వదిలివేయకూడదు.

అందరూ బ్యాటు కొనుక్కోలేరు. బడిలో పదిమందికి ఒకటే పెద్ద బ్యాటు ఉంటే, పొట్టి పిల్లలు ఎప్పుడూ బంతులు ఏరడానికే మిగిలిపోతారు. అంతే డబ్బుతో వేరువేరు కొలతల్లో రెండు మూడు చవక బ్యాట్లు కొంటే అబ్బాయిలు, అమ్మాయిలు అందరికీ ఆడే వంతు వస్తుంది.

నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. మెచ్చిన ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు. 1932లో ఆయన భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకుడయ్యారు. వెండి బ్యాటు ఇంట దాచుకోవడానికి. దాన్ని సంపాదించిపెట్టింది మాత్రం ఆయన చేతికి లొంగిన కొయ్య బ్యాటే.