పండుగ పిండివంటలు – మన హార్మోన్లు

దసరాతో మొదలై సంక్రాంతి దాకా మన ఇళ్ళలో తీపికి విరామం ఉండదు. కెనడాలో ఉన్నవాళ్ళకి ఈ వరుస ఇంకా పొడుగు. అక్టోబరు రెండో సోమవారం థ్యాంక్స్ గివింగ్, నెలాఖరున పిల్లలు సంచుల నిండా తెచ్చే హాలోవీన్ చాక్లెట్లు, దీపావళి మిఠాయి డబ్బాలు, ఆఫీసులో క్రిస్మస్ కుకీలు, చివరికి జనవరిలో అరిసెలు. "ఈ ఒక్కరోజుకేగా" అనుకుంటూనే మూడు నెలలు గడిచిపోతాయి. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డాక్టరు రక్తపరీక్ష రాసి ఇచ్చినప్పుడు అవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

అలాగని పండుగ పూట బొబ్బట్టు మానెయ్యమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాది వైద్యవృత్తీ కాదు. మా ఇంట్లో రెండు తరాలుగా షుగర్ ఉంది కాబట్టి ఈ విషయాలు శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను. నాకు అర్థమైంది ఇది: పండుగనాడు తీపి తిన్నామా లేదా అన్నదాని కన్నా, దాన్ని దేనితో కలిపి తిన్నాం, ఏ వేళకి తిన్నాం, ఎన్ని రోజులు తిన్నాం అన్నవే ముఖ్యం.

ఇన్సులిన్ పుట్టిల్లు

హార్మోన్ల మాట వస్తే ముందు చెప్పుకోవలసింది ఇన్సులిన్ గురించి. దాని పుట్టిల్లు మన టొరంటోయే. ఒంటారియోలోని లండన్‌లో ఉండే డాక్టర్ ఫ్రెడరిక్ బాంటింగ్‌కి 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున ఒక ఆలోచన తట్టింది. 1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో మెక్లియోడ్ ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ పని మొదలుపెట్టారు. తరవాత కాలిప్ వచ్చి ఆ మందుని శుద్ధి చేశారు. 1922 జనవరిలో టొరంటో జనరల్ హాస్పిటల్‌లో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి ఇచ్చారు. అంతకుముందు ఇలాంటి పిల్లలకి తిండి బాగా తగ్గించి కొన్నాళ్ళు బతికించడమే వైద్యం. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14నే ప్రపంచ డయాబెటిస్ దినంగా జరుపుతారు. చాలా ఏళ్ళు అది మన దీపావళికి అటూ ఇటూగానే వస్తుంది.

మనం తిన్న అన్నమైనా జిలేబీ అయినా చివరికి గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి పంపించేది ఇన్సులిన్. మిగిలినదాన్ని కొవ్వుగా దాచమని చెప్పేదీ అదే. పొద్దస్తమానం ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉంటే ఇన్సులిన్ దిగే సమయమే ఉండదు. నడుం చుట్టూ కొవ్వు చేరినకొద్దీ శరీరం దాని మాట వినడం తగ్గిస్తుంది, అప్పుడు అది ఇంకా ఎక్కువ తయారవ్వాల్సి వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే కొందరు ఆడవాళ్ళలో అండాశయాలు పురుష హార్మోన్లని ఎక్కువగా తయారు చేస్తాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి నెలసరి తప్పడానికి ఇదొక కారణం.

ఇందులో మనవాళ్ళకి అదనపు చిక్కు ఉంది. హామిల్టన్, టొరంటో, ఎడ్మంటన్‌లలో జరిగిన "షేర్" అధ్యయనం 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దక్షిణాసియా వాళ్ళలో గుండెజబ్బులూ, గ్లూకోజు సమస్యలూ యూరోపియన్ల కన్నా ఎక్కువని అందులో తేలింది. బరువు మామూలుగా కనిపించినా మనకి పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. అందుకే మనవాళ్ళకి నడుం కొలత హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు అని పెట్టారు.

దోషి తీపి ఒక్కటే కాదు

మన పండుగ పళ్ళెం ఒకసారి చూడండి. పులిహోర, పూరీ, బంగాళాదుంప కూర, పరమాన్నం, బొబ్బట్టు, ఆ పైన పెరుగన్నం. తీపి రెండే, కానీ పిండిపదార్థం ఆరు చోట్ల ఉంది. ఏ ఆహారం రక్తంలో గ్లూకోజుని ఎంత పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ కూడా టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిందే. డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో దాన్ని ప్రచురించింది. తెల్లన్నం లెక్క ఎక్కువ, శనగపప్పు లెక్క చాలా తక్కువ. అంటే బొబ్బట్టు లోపలి పూర్ణంలో పప్పు నెమ్మదిగానే అరుగుతుంది, ఇబ్బంది అందులోని బెల్లంతోనూ పైన మైదాతోనూ. కాబట్టి బొబ్బట్టు తినే పూట పులిహోర రెండు చెంచాలతో సరిపెట్టుకుంటే లెక్క చాలావరకు సరిపోతుంది.

"బెల్లంతో చేశాం, ఫరవాలేదు" అనే మాట ప్రతి పాట్‌లక్‌లోనూ వినిపిస్తుంది. బెల్లంలోనూ అధికభాగం పంచదారలో ఉన్న సుక్రోజే. రుచి కోసం వాడండి, మందని మాత్రం అనుకోకండి.

విస్తట్లో తీపి ముందు వడ్డించడం మన ఆచారం. శాస్త్రానికి ఒక ముక్క నోట్లో వేసుకుని, మిగతాది భోజనం చివరికి ఉంచుకోండి. ముందు కూర, పప్పు, పెరుగు తిని తరవాత అన్నం, తీపి తింటే గ్లూకోజు అంత వేగంగా పెరగదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలే కొంత గ్లూకోజుని లాగేసుకుంటాయి. బయట మైనస్ 20 ఉందంటారా? మాల్‌లో నడవచ్చు, ఇంట్లో మెట్లు ఎక్కి దిగవచ్చు.

వేళ, నిద్ర

మన పార్టీల్లో భోజనం రాత్రి తొమ్మిదిన్నరకి, స్వీటు పదకొండింటికి. చీకటి పడ్డాక మెలటోనిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. పొద్దున తిన్న భోజనమే రాత్రి తింటే గ్లూకోజు ఎక్కువ పెరుగుతుంది. సంఘం కార్యక్రమాల్లో భోజనాలు ఏడింటికే పెట్టేస్తే అందరికీ మేలు. నిద్ర తగ్గినా నష్టమే. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గిందని 2004లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. పండుగ మర్నాడు డబ్బా మూత మాటిమాటికీ తెరవాలనిపించడానికి ఇదీ ఒక కారణం.

మందులు వాడేవాళ్ళు

ఇన్సులిన్ గానీ, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు కార్తీక సోమవారం ఉపవాసాలకి ముందు డాక్టరునో ఫార్మసిస్టునో తప్పక అడగాలి. మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. థైరాయిడ్ మాత్ర పండుగ రోజైనా సరే పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి. కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి, కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇక్కడి అంకెలు తికమకగా ఉంటాయి. ఇక్కడి మీటరు చూపించే అంకెని 18తో గుణిస్తే అక్కడి లెక్క వస్తుంది. పరగడుపున 7.0 అంటే 126, అది డయాబెటిస్ హద్దు. 6.1 నుంచి 6.9 దాకా హెచ్చరిక. "అయిదున్నరే ఉంది, షుగర్ పడిపోయింది" అని కంగారుపడి లడ్డూ పెట్టెయ్యకండి, అది 99 అన్నమాట.

కొన్న మిఠాయి డబ్బా మీద పోషకాల పట్టీ చూడండి. చక్కెర ఎదురుగా 15 శాతం, ఆ పైన ఉంటే ఎక్కువని అర్థం. అది ఎన్ని ముక్కలకి చెప్పిన లెక్కో కూడా చదవండి. పండుగ అయిన మర్నాడు, మిగిలిన డబ్బాలు వంటింటి గట్టు మీద ఉంచకుండా నలుగురికీ పంచేయండి, లేదా ఫ్రీజర్‌లో దాచండి. పండుగ తీపి పండుగనాడే తింటే రుచీ దక్కుతుంది, ఫిబ్రవరిలో ల్యాబుకి వెళ్ళేటప్పుడు గుండె దడా ఉండదు.

అందరికీ పండుగ శుభాకాంక్షలు!