చూపు ఆనినంత మేరకే వేగం

శీతకాలపు మంచులో సరుకు బండి నడిపేవారికీ, ఎక్కేవారికీ కొన్ని మాటలు



ఒక డిసెంబరు చివరి వారంలో జరిగిన సంగతి ఇది. కొత్తగూడెంలో క్రిస్మస్ కూడిక ఉన్నదంటే తల్లాడ నుండి మేము కొందరం బయలుదేరాము. కుర్చీలు, డ్రమ్ములు, స్పీకర్ పెట్టెలు తీసుకుపోవాలి గనుక ఒక బొలెరో పికప్ కిరాయికి మాట్లాడుకున్నాము. సామాను ఎలాగూ పోతున్నది కదా అని పాటలు పాడే పిల్లలను కూడా వెనుకనే ఎక్కించాము. మొత్తం పదకొండుమంది. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా సాయంత్రం వెలుతురులోనే చేరుకున్నాము. దారి పొడుగునా పిల్లలు పాడుతూనే ఉన్నారు. ఎవరికీ ఏ భయమూ కలగలేదు.

కార్యక్రమం ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. ఉదయం ఆరు గంటలకు బండికి వేరే కిరాయి ఉన్నది గనుక నాలుగింటికే బయలుదేరుదామని డ్రైవరు తమ్ముడు అన్నాడు. సామాను అక్కడివారికి ఇంకా రెండు రోజులు కావాలన్నారు కాబట్టి బండి ఖాళీ. పిల్లలను లేపబోతుంటే ఒక తల్లి అడ్డుపడింది.

"అన్నా, ఈ మంచులో పిల్లల్ని బండి మీద ఎక్కించొద్దు. తెల్లారినంక బస్సుకు నేను తీసుకొస్త. ఆడపిల్లలకు ఎట్లాగూ టిక్కెట్టు లేదు. మగపిల్లల ఛార్జీ నేనే పెట్టుకుంట" అన్నది.

నిజం చెప్పాలంటే మాకు కొంచెం విసుగే కలిగింది. వచ్చేటప్పుడు లేని భయం పోయేటప్పుడు ఎందుకు అనుకున్నాము. అయినా ఆమె పట్టు విడవలేదు. పిల్లలను అక్కడే నిద్రపోనిచ్చి డ్రైవరుతో కలిసి మేము ముగ్గురమే క్యాబిన్‌లో కూర్చుని బయలుదేరాము.

ఏన్కూరు దాటిన తరువాత మంచు కమ్ముకున్నది. దారి తెలిసినదే, డ్రైవరు పదేళ్ళుగా పత్తి, మిర్చి బస్తాలు తోలుతున్నవాడే. మెల్లగానే పోతున్నామని మేమందరం అనుకుంటున్నాము. మీటరు చూస్తే 60 మీద ఉన్నది. అంతలోనే ఎదురుగా నల్లగా ఏదో కనబడింది. రోడ్డు సగం మేర ఆరబోసిన వడ్లను రాత్రికి కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చారు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. తడిసిన రోడ్డు, ఖాళీ బండి. వెనుక భాగం జారి పక్కకు తిరిగిపోయింది. బండి రాళ్ళను రాసుకుంటూ పోయి పొలం అంచున ఆగింది.

మాలో ఎవరికీ దెబ్బ తగలలేదు. కిందికి దిగి సెల్‌ఫోను వెలుతురులో బండి వెనక్కు పోయి చూశాము. వెనుక డాలా గొళ్ళెం ఊడి వేలాడుతున్నది. ముందురోజు సాయంత్రం ఆ డాలాకు వీపు ఆనించే మా పిల్లలు కూర్చున్నారు. చాలాసేపు మా ముగ్గురిలో ఎవరికీ నోట మాట రాలేదు.

అక్కడి మంచు, ఇక్కడి మంచు

ఆ వారంలోనే, అమెరికాలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న మా సంఘస్థుల అబ్బాయి ఒకరు పండుగ పలకరింపుకు ఫోను చేశారు. ఈ సంగతి విని, "బాబాయ్, మాకు రోడ్డు మీద పడేది గడ్డకట్టే మంచు, మీకు కళ్ళకు అడ్డం పడే మంచు. అయినా బండి జారే తీరు ఒక్కటే" అన్నారు.

ఆయన మాట నిజమే. తెలుగులో మనం పొగమంచును, గడ్డి మీద పడే తేమను, హిమాలయాల మీది హిమాన్ని కూడా మంచు అనే అంటాము. మన ప్రాంతంలో రోడ్డు గడ్డకట్టదు. విశాఖ మన్యంలోని లంబసింగి వంటి చోట్ల మాత్రం చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిన ఉదయాలలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

2021 ఫిబ్రవరి 11వ తేదీ తెల్లవారుజామున టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్ నగరంలో సన్నని వాన పడి రోడ్డు మీదనే గడ్డకట్టింది. అద్దంలాంటి ఆ పొర కంటికి కనబడదు. అలవాటైన వేగంతో వచ్చిన వాహనాలు ఒకదాని మీదికి ఒకటి దూసుకుపోయాయి. 130కి పైగా వాహనాలు గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. వారిలో చాలామంది రోజూ అదే దారిన పోయేవారే. తెలిసిన దారి అన్న ధైర్యమే మమ్మల్ని కూడా ఏన్కూరు దగ్గర 60 మీద పోనిచ్చింది.

మన దగ్గర మంచు ఎందుకు దట్టంగా పడుతుంది?

తల్లాడ, వైరా, కల్లూరు చుట్టుపక్కల నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే పొలాలున్నాయి. కొత్తగూడెం వైపు పోతే అడవి మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. గాలి కదలదు. కాలువలు, తడి మళ్ళ మీది తేమ నేలకు దగ్గరగానే చిన్న చిన్న బిందువులై నిలిచిపోతుంది. అందుకే కాలువ వంతెనల దగ్గర, పల్లపు చోట్ల మంచు ఒక్కసారిగా గోడలాగా ఎదురవుతుంది. తెల్లవారుజామున నాలుగు నుండి ఎనిమిది గంటల మధ్య ఇది మరీ ఎక్కువ. చూపు 200 మీటర్లకన్న తక్కువ ఆనితే దట్టమైన పొగమంచు అనీ, 50 మీటర్లకన్న తగ్గితే అతి దట్టమైనదనీ వాతావరణ శాఖవారు లెక్కిస్తారు.

చిన్న లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కనబడి, మనసుకు తెలిసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు పడకముందే బండి 25 మీటర్లు పోయింది. ఆ తరువాత పొడి రోడ్డు మీద మరో 20 మీటర్లు, తడి రోడ్డు మీద 35 మీటర్లు పోయి ఆగుతుంది. గడ్డకట్టిన రోడ్డు మీదైతే 140 మీటర్లు పోవచ్చు. ఇవి రమారమి లెక్కలు. టైర్లు అరిగినా, బరువు ఎక్కువైనా ఇంకా పెరుగుతాయి.

కాబట్టి తడి రోడ్డు మీద 60 వేగంతో పోయే బండి ఆగడానికి మొత్తం 60 మీటర్లు కావాలి. చూపు 50 మీటర్లే ఆనుతున్నప్పుడు ఎంత అనుభవమున్నా ఆ మిగతా 10 మీటర్లు మన చేతిలో లేవు. అదే 40 వేగమైతే 33 మీటర్లలో, 30 వేగమైతే 21 మీటర్లలో ఆగుతుంది.

దీనిని గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువున్నది. మన ఊళ్ళ రోడ్ల పక్కన కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం రమారమి 50 మీటర్లుంటుంది. ఒక స్తంభం దగ్గర ఉండగా తరువాతి స్తంభం కనబడకపోతే వేగం 40 దాటకూడదు. అందులో సగం దూరం కూడా కనబడకపోతే 30 లోపే పోవాలి. మరీ ముఖ్యంగా, బండి ఆపి టీ తాగడానికి అదే సరైన సమయమనుకోవాలి.

ఖాళీ బండి, నిండు బండి

పికప్ బండికి ఇంజను బరువంతా ముందు ఉంటుంది. ఈ బండ్లలో ఎక్కువ వాటికి వెనుక చక్రాలే నెడతాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ వెనుక చక్రాల మీద బరువు లేక రోడ్డు మీద పట్టు చాలదు. గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. హిమం కురిసే దేశాలలో పికప్ నడిపేవారు చలికాలమంతా వెనుక ఇరుసు మీదుగా ఇసుక బస్తాలు కట్టి ఉంచుతారు. ఖమ్మం మిర్చి యార్డులో సరుకు దింపి, ఖాళీ బండితో ఇంటికి పోయే తొందరలో ఉన్న డ్రైవర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నిండు బండికి మరో ఇబ్బంది ఉన్నది. వెనుక బరువెక్కితే ముందు భాగం లేస్తుంది. అప్పుడు డిమ్ లైటు కూడా పైకి కొట్టి మంచును వెలిగిస్తుంది, ఎదుటివాని కళ్ళలో పడుతుంది. లైట్లు కిందికి దించే మీట ఉన్న బండి అయితే బరువెక్కించినప్పుడు దించుకోవాలి.

డ్రైవరు సహోదరులకు

1. హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి. ఫుల్ లైటు మంచు బిందువులకు తగిలి మన కళ్ళకే తిరిగి వస్తుంది. ఫాగ్ లైట్లుంటే అవి కిందికి ఉండాలి.

2. మీటరు చూడండి. మంచులో చెట్లు, ఇళ్ళు కనబడవు గనుక వేగంగా పోతున్నా మెల్లగా పోతున్నట్టే అనిపిస్తుంది.

3. లోపలి అద్దం మసకబారితే గుడ్డతో తుడుచుకుంటూ నడపవద్దు. కిటికీ కొద్దిగా దించండి, లేదా గాలి అద్దం మీదికి వదలండి.

4. ముందు పోయే లారీ వెనుక దీపాలు పట్టుకుని పోవద్దు. అది ఆగితే మీరు ఆగలేరు. ఓవర్‌టేకు అసలే వద్దు.

5. బండి జారితే కంగారుపడి బ్రేకు మీదనే నిలబడవద్దు. యాక్సిలరేటరు వదిలి, వెనుక భాగం ఎటు జారుతున్నదో స్టీరింగు అటే మెల్లగా తిప్పండి. ఏబీఎస్ లేని పాత బండిలో బ్రేకు వదిలి మళ్ళీ తొక్కాలి. ఏబీఎస్ ఉంటే గట్టిగా తొక్కి పట్టాలి.

6. ఆపవలసి వస్తే రోడ్డు మీద గానీ అంచున గానీ ఆపకండి. పెట్రోలు బంకు, హోటలు ముందు ఖాళీ జాగా వంటి చోటికి పూర్తిగా దిగి నాలుగు ఇండికేటర్లు వెలిగించండి.

7. వెనుక డాలాకు, రెండు పక్కలకు రేడియం స్టిక్కర్లు అంటించండి. ట్రాక్టరు ట్రక్కులకు, ఎడ్లబండ్లకు ఇవి మరీ అవసరం.

వడ్లు ఆరబోసే రైతులకు

రైతును తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. ఇంటి దగ్గర కల్లం లేనివారికి తారురోడ్డే కల్లమవుతున్నది. ఆ కష్టం మాకు తెలుసు. మాలో ఇద్దరివి వ్యవసాయ కుటుంబాలే. అయినా చీకటి పడకముందే కుప్పను రోడ్డు దించండి. దించలేకపోతే నల్ల పట్టా, నల్ల రాళ్ళు వద్దు. తెల్లని సంచులు కప్పి, రెండు చివరలా రేడియం అంటించిన డబ్బాలు పెట్టండి. రోడ్డు మీద చెదిరిన గింజలు చక్రాల కింద గోళీలలాగా దొర్లుతాయి, మోటారు సైకిలు మీద పోయేవాడు వాటికే పడిపోతాడు. దమ్ము చక్రాలకంటిన బురద తారు మీద పడినా అదే ప్రమాదం. పొలం దగ్గరే గీకి రోడ్డెక్కండి.

ఎక్కేవారు ఆలోచించవలసినది

డిసెంబరులో క్యారల్స్‌కు, తరువాత మిర్చి కోతలకు, పెళ్ళిళ్ళకు మనవారు పికప్‌ల మీద, ట్రాక్టర్ల మీద ఎక్కి పోవడం మామూలైపోయింది. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లాలో వద్దిపట్ల దగ్గర మిర్చి కోతకు పోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది స్త్రీలు చనిపోయారు. అది పగటిపూట జరిగింది. మంచు కూడా తోడైతే చెప్పవలసినదేమున్నది?

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. సరుకు బండి బీమా, అందులో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు వర్తించదని సుప్రీంకోర్టు 2002లో ఆశా రాణి కేసులో తీర్పు చెప్పింది. అంటే పోయిన ప్రాణానికి తోడు ఆ కుటుంబం నష్టపరిహారం కోసం బండి యజమాని చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆ యజమాని కూడా సాధారణంగా మనవంటి పేదవాడే. కిరాయిలో మిగిలే రెండు మూడు వందల కోసం రెండు కుటుంబాలు వీధిన పడతాయి.

ఎక్కడైనా ప్రమాదం కనబడితే మాత్రం వెనుకాడకండి. వెంటనే 108కి ఫోను చేయండి. మంచులో వెనుక వచ్చే బండ్లను దూరం నుండే హెచ్చరించండి. సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో స్పష్టంగా ఉన్నది.

ఆ రోజు ఉదయం తొమ్మిది గంటలకు తల్లాడలో బస్సు ఆగింది. పదకొండుమంది పిల్లలు కళ్ళు నులుముకుంటూ దిగారు. వారి వెనుక ఆ తల్లి దిగింది. మేము ఎదురుపోయి జరిగినదంతా చెప్పి, "అమ్మా, నీ మాట విన్నది మంచిదైంది, విసుక్కున్నందుకు క్షమించు" అన్నాము. ఆమె ఏమీ అనలేదు. పిల్లలను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుని ఇళ్ళకు పంపింది.

అప్పటినుండి మా సంఘంలో ఒక కట్టుబాటు చేసుకున్నాము. సామాను బండిలో సామానే పోతుంది, మనుషులు బస్సులో పోతారు, తెల్లవారి మంచు విడిన తరువాతనే ఎవరైనా బయలుదేరుతారు. బస్సు ఖర్చు కార్యక్రమం ఖర్చులోనే ముందుగా రాసుకుంటున్నాము. మీ ఊరిలో, మీ ఇంటిలో కూడా ఈ చలికాలంలో ఈ విషయం ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. ఎవరైనా "వద్దు, తెల్లారనివ్వండి" అంటే వారి మాట వినండి.