ఒకే బ్రేకు... ఆగేదెవరు? సాగేదెవరు?

తిరుపతి బస్టాండు దగ్గర ఏదో ఒక టీకొట్టు. తెల్లవారుజామున అక్కడ ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, ఒకే మాట నాలుగు నోళ్లలో వినిపిస్తుంది.

‘బ్రేకు దొరికిందా నా?’

‘లెటరు ఇచ్చినాం. సాయంత్రానికి చెప్తామన్నారు.’

(అన్నా అనే పిలుపు ఈ జిల్లాలో సగం అరిగి ‘నా’ అయింది.)

పక్కనే రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరు... ‘బ్రేకు సరిగ్గా పట్టడం లేదప్పా, బండిని షెడ్డుకు పంపించినా’ అంటుంటాడు. గోడమీది టీవీలో బ్రేకింగ్ న్యూస్. మూలన నిలబడ్డ కాలేజీ కుర్రాడి దిగులు చూస్తే అది బ్రేకప్ సంగతేనని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కరికీ మరొకరి మాట అర్థం కాకపోవడమంటూ లేదు. ఏ బ్రేకు ఏదో తిరుపతి వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది!

నిజానికి ఇంగ్లిషులో ఇవి రెండు వేర్వేరు మాటలు. విరగడం, తెగడం, మధ్యలో కాస్త విరామం... ఇవన్నీ ఒక స్పెల్లింగు కిందికి వస్తాయి. బండిని ఆపే బ్రేకుది ఇంకో స్పెల్లింగు. పలకడం మాత్రం ఒకేలా. తెలుగులో రాసేసరికి ఆ కాస్త తేడా కూడా చెరిగిపోయి రెండూ ఒకటే అయ్యాయి. అర్థాల లెక్కలో ఇంగ్లిషువాళ్ల రికార్డు ‘రన్’ అనే మాటది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. బ్రేకు అంత దూరం పోలేదు గానీ, తక్కువదేం కాదు.

విరగడం సంగతే చూడండి. ఇంగ్లిషువాడికి అన్నిటికీ అదొక్కటే మాట. మనకలా కుదరదు. కొమ్మయితే విరుగుతుంది, కుండయితే పగులుతుంది, తాడయితే తెగుతుంది. మాట తప్పుతాం, రొట్టె తుంచుతాం, ఉపవాసం విడుస్తాం. వాళ్ల బ్రేక్‌ఫాస్టులో ఉన్నది ఆ ఉపవాసం విడవడమే... మనం మాత్రం రాత్రి కడుపునిండా తిని, పొద్దున్నే ఇడ్లీతో ఆ ‘ఉపవాసం’ విడుస్తున్నాం! ఇక దేవుడి ముందు కొబ్బరికాయ కొడతామే తప్ప పగలగొడతామని అనం. తమాషా ఏమిటంటే మన పాలు విరుగుతాయి, వాళ్ల పాలు విరగవు. దానికి వాళ్లు వేరే మాట పెట్టుకున్నారు.

బండి బ్రేకు విలువ తెలియాలంటే కొండ ఎక్కాలి... కాదు, దిగాలి. తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో. ఇప్పుడు పాతదాంట్లో దిగుతారు, కొత్తదాంట్లో ఎక్కుతారు. దిగేటప్పుడు అనుభవం లేని డ్రైవర్లు చేసే తప్పు ఒకటే, బ్రేకు పెడల్ మీద నుంచి కాలు తీయకపోవడం. అలా తొక్కిపెట్టి ఉంచితే రాపిడికి బ్రేక్ లైనింగులు వేడెక్కిపోతాయి. పట్టు సడలుతుంది. ముందు కమురు వాసన, ఆ తర్వాత ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకే ‘ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి’ అంటారు పాత డ్రైవర్లు. తక్కువ గేరులో ఉంటే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకుకు ఊపిరి దొరుకుతుంది. ఎవరూ దూకుడుగా పోకుండా టీటీడీ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస గడువు పెట్టింది. అంతకంటే ముందే చేరితే జరిమానా. దాంతో కొందరు మహానుభావులు సగం దారి రయ్యిన దిగేసి, మిగిలిన నిమిషాలు గడిచేదాకా రోడ్డు పక్కన కూర్చుంటారు!

ఈ జిల్లాల్లో ఘాట్లంటే తిరుమల ఒక్కటే కాదు. చిత్తూరు నుంచి పలమనేరు పోయేవాళ్లకు మొగిలి ఘాట్ ఉంది. తిరుపతి, పీలేరు మధ్య భాకరాపేట కనుమ ఉంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరిన బస్సు లోయలో పడింది అక్కడే. ఇలాంటి దారుల వల్లనేనేమో, వాహనాలు తనిఖీ చేసే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కు ఎన్ని అధికారాలున్నా జనానికి ఆయన ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరే’.

సినిమావాళ్ల బ్రేకు దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. అక్కడ బ్రేకు పడితే బండి ఆగదు, పరుగు మొదలవుతుంది! చిత్తూరు జిల్లా మోదుగులపాళెం కుర్రాడు మోహన్‌బాబుకు 1975లో దాసరి తీసిన ‘స్వర్గం నరకం’ అలాంటి బ్రేకే. 1987లో ‘పసివాడి ప్రాణం’ చూసొచ్చిన పిల్లలు చిరంజీవిలా ఒళ్లు విరుచుకుంటూ ఆడిందీ బ్రేక్ డాన్సే. అదే మాట ఉద్యోగి నోట వస్తే నవ్వు రాదు. తాత్కాలిక ఉద్యోగాల్లో రెండు నియామకాల మధ్య కొన్ని రోజులు ఖాళీ చూపిస్తారు. దాని పేరు ‘సర్వీస్ బ్రేక్’. ఏళ్ల తరబడి చేసిన పని, ఆ నాలుగు రోజుల దగ్గర తెగిపోయి మళ్లీ ఒకటి నుంచి లెక్కకొస్తుంది.

ఎన్ని చెప్పుకున్నా తిరుపతిలో బ్రేకంటే ముందు గుర్తొచ్చేది బ్రేక్ దర్శనమే. సర్వదర్శనం వరుసకు కాసేపు విరామమిచ్చి, ఆ సమయంలో ప్రముఖులను పంపించడమనే పద్ధతి నుంచి వచ్చిన పేరది. అందులోనూ ఎల్1, ఎల్2, ఎల్3 అని అంతరాలుండేవి. 2019లో వాటిని రద్దు చేశారు. అదే ఏడాది శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళమిచ్చిన వారికి బ్రేక్ టికెట్టు కొనుక్కునే వీలు కల్పించారు. మిగతావాళ్లకు సిఫారసు ఉత్తరమే శరణ్యం. తిరుపతిలో చుట్టమున్న పాపానికి, ఊళ్లోని బంధువులందరికీ ఆ ఉత్తరం సంపాదించే పూచీ ఆ చుట్టానిదే. దొరికితే ‘మావాడికి పలుకుబడి ఉంది’. దొరక్కపోతే పెళ్లిలో పలకరింపు కూడా తగ్గుతుంది!

లోపల, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో అదే మాట ఇంకోలా వినిపిస్తుంది. రద్దీ రోజుల్లో కంపార్ట్‌మెంటులోనే రాత్రి గడిచిపోతుంది. పెట్టిన ఉప్మా తిని, పిల్లలకు పాలు తాగించి, గేటు వైపు చూస్తూ కూర్చుంటారు. ‘లైను ఎందుకు ఆపినారు సామీ?’ అని ఓ అవ్వ అడుగుతుంది. ‘బ్రేకవ్వా’ అంటారు పక్కవాళ్లు. పాపం, ఆమెకు తెలిసిన బ్రేకు బస్సుది. అయినా తప్పుగా ఏమీ అర్థం చేసుకోదు. ఆగింది కదా!

ఈ అవ్వలాంటి వాళ్ల కోసమే 2022 డిసెంబరులో బ్రేక్ సమయాన్ని ఉదయం 8 గంటలకు జరిపారు. రాత్రంతా కాచుకున్నవారు ముందు చూసుకుని వెళ్తారని. 2025 మేలో ప్రయోగమంటూ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. బ్రేకు జరుగుతూనే ఉంది.

వైకుంఠ ఏకాదశికి, ఉగాదికి, బ్రహ్మోత్సవాలకు ముందు ఆలయాన్ని శుద్ధి చేసే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం రోజుకు సిఫారసు ఉత్తరాలు తీసుకోరు. మర్నాడు పేపర్లలో శీర్షిక ఏమిటో చెప్పక్కర్లేదు... ‘బ్రేక్‌కు బ్రేక్’!

కంపార్ట్‌మెంటులో ఆ వార్త తెలిస్తే గోవింద నామం ఓ మెట్టు పైకి లేస్తుంది. కింద టీకొట్టు దగ్గర లెటరు పట్టుకున్నాయన మాత్రం రెండో టీ చెబుతాడు.